క్లచ్చమ్మ ఎడమకాలు

“కేక వేద్దామని నోరు తెరిచానా, తెరిచేలోగా కేక వెయ్యాల్సిన చోటు వెనక్కి పోయింది! అదీ అబ్బాయ్, కొత్త కారంటే.”

క్లచ్చమ్మ ఎడమకాలిని ముక్కాలిపీట మీదికి చాపి నవ్వింది. ఎదురుగా చక్రాలున్న ఆఫీసు కుర్చీలో సైకిలు షాపతను కూర్చున్నాడు. కార్ల గురించి దొరికిందల్లా చదువుతాడు, ఒక్కటీ నడిపి ఎరగడు. ప్రశ్న పట్టుకుంటే మాత్రం జలగే.

“మరి మన పాత రెండు సీట్ల బండో, పిన్నీ?”

“దాని దారి వేరు. వంద వేగం అందుకోవడానికి అది పన్నెండు సెకన్లు నసుగుతుంది. ఇదేమో మూడు కూడా తీసుకోదు. కానీ పాతదానిలో అరవైకే ఆకాశంలో ఉన్నట్టుంటుంది. టైరు కింద గులకరాయి పడితే అరచేతికి తెలుస్తుంది. బ్రేకంటావా, ఇక్కడ ఆగాలంటే అవతలి వీధిలోనే దండం పెట్టుకోవాలి.”

“వంపులో తప్పు చేస్తే?”

“పాతది మేనత్తలాగా పదిమందిలో కడిగేస్తుంది. కొత్తది తనే దిద్దేసి, పైకి ఒక్క మాటనదు.”

ముప్పై ఏళ్లు డ్రైవింగ్ స్కూల్లో “క్లచ్చి తొక్కు, క్లచ్చి వదులు” అని అరిచి అరిచి అసలు పేరు పోగొట్టుకున్న మనిషి ఆమె. భర్తా, తనూ తుక్కు కొట్లోంచి తెచ్చి బాగుచేసుకున్న ఆ స్పోర్ట్స్ కారంటే ప్రాణం. ఆయన పోయాక కూడా ఆదివారాలు దానిలోనే తిరిగేది. ఎడమ మోకాలికి ఆపరేషనయ్యాక అది ఆగిపోయింది. కాలు బాగుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఆమెకే నమ్మకం చిక్కలేదు. మెట్టెక్కినా కుడికాలే ముందు.

చివరికి మెకానిక్కయిన తమ్ముడు, “నువ్విలా దాన్ని చూస్తూ కూర్చుంటే నా వల్ల కాదక్కా. గేరుపెట్టె మార్చి క్లచ్చి తీసేస్తా, హాయిగా నడుపుకో,” అన్నాడు. ప్రేమతో అన్న మాట కాదనలేక తలూపింది. బండి షెడ్డుకి వెళ్లిన పూట ఆమెకు ముద్ద దిగలేదు.

ఈరోజు పొద్దున ఒక పాత శిష్యురాలు వచ్చింది. కార్ల కంపెనీ ట్రాకు మీద కొత్త బండ్లను పరీక్షించే పని ఆ అమ్మాయిది. “నాకు స్టీరింగ్ పట్టడం నేర్పింది మీరు టీచర్. ఒక్కసారి నా బండి నడపండి. ఎడమకాలితో పనే లేదు,” అని బతిమాలి తీసుకెళ్లింది.

“పనే లేదంది చూడు, అక్కడే వచ్చింది చిక్కు,” అంది క్లచ్చమ్మ. “వంపు దగ్గర ఇంజను గొంతు పెంచింది. ఆ గొంతు వింటే నా కాలు ఊరుకుంటుందా? గేరు తగ్గిద్దామని క్లచ్చి ఒక్క తొక్కు తొక్కాను.”

“క్లచ్చి లేదుగా!”

“లేదుగా మరి! ఉన్నది వెడల్పాటి బ్రేకు. బెల్టు లేకపోతే నా పళ్లు అద్దానికి అతుక్కునేవి. ఆ పిల్ల పడీపడీ నవ్వింది, మొదటిరోజు తనూ ఇదే చేసిందట. నేను మోకాలు పట్టుకుని నొప్పి కోసం చూశా. రాదే! ఇన్నాళ్లూ బుజ్జగిస్తున్న కాలు, నన్నడక్కుండా అంత బండినీ ఆపేసింది.”

సైకిలు షాపతను తల గోక్కున్నాడు. “కొత్త బ్రేకు మెత్తన కదా పిన్నీ. పాత క్లచ్చి రాయి.”

ఆమె ముఖం వాడింది. కాలు పీట మీంచి తీసింది.

“నీ రెండు చేతులూ ఇలా అడ్డం పెట్టు. గట్టిగా ఆపు.”

పాదం అతని అరచేతులకు ఆనించి, పళ్లు బిగించి తోసింది. మొదట కుర్చీ కదల్లేదు. తర్వాత చక్రాలు కీచుమన్నాయి. అతను కుర్చీతో సహా వెళ్లి తలుపుకు గుద్దుకున్నాడు.

“నన్ను చంపకు పిన్నీ!”

ఆమె నవ్వుతూనే కళ్లొత్తుకుంది. “ఆ పిల్ల చల్లగా ఉండాలి. ఆ డాక్టరూ చల్లగా ఉండాలి, ఎంత విసుక్కున్నానో పాపం.”

“ఇంతకీ రెండింట్లో ఏది గొప్పంటావ్?”

“తర్వాత చెప్తాలే, ముందు లే. మా వాడు పనిలో పడితే ఫోనెత్తడు. సైకిలెక్కి షెడ్డుకి పో, క్లచ్చి మీద చెయ్యి వెయ్యొద్దన్నానని చెప్పు. అప్పుడే ఊడదీసేసుంటే మళ్లీ బిగించమను. కసురుకుంటూ చెప్పకేం, నా కోసమే చేస్తున్నాడు వాడు.”