చంద్రమ్మ చీరల బొంతలు

బయ్యారం చుట్టుపక్కల పల్లెల్లో పెంటమ్మ కుట్టిన బొంత మీద పడుకోకుండా పెరిగిన పిల్లలు తక్కువ. ఆమె కన్న పిల్లలు మాత్రం ఒక్కరూ దక్కలేదు. అందరినీ చలిజ్వరమే మింగింది. అందుకే పసిబొంతలో ఆమె తన చీర పీలిక ఎప్పుడూ కలిపేది కాదు. కన్న పిల్లలంతా చల్లగా ఉన్న తల్లి కట్టి విడిచిన చీరతోనే పసిబొంత కుట్టాలని మా వైపు ఆచారం. మూఢనమ్మకమని నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పిల్లలు రాలిపోయే ఊళ్ళో తల్లి దేన్నయినా పట్టుకుంటుంది.

అడవిలో తుపాకి పట్టిన దళాల కోసం మిలిటరీ వచ్చి క్యాంపులు పెట్టిన ఏడాది, మానుకోటలో పిల్లల దవాఖాన నడిపే మిషన్ డాక్టరమ్మ కబురు పంపింది. మందులు నిండుకున్నాయట. పసిబొంతలు కుట్టి ఇస్తే సికింద్రాబాదులో అమ్మించి, ఆ సొమ్ముతో జ్వరం గోళీలు తెప్పిస్తానంది. పెంటమ్మకు ప్రాణం లేచొచ్చింది. తన పిల్లలకు అందని గోళీ పరాయి పిల్లలకైనా అందాలని ఆమె ఆశ.

తీరా చీరల కోసం తిరిగితే, ఏ గడప తొక్కినా ఒక బిడ్డ తక్కువే. కొందరిని జ్వరం తీసుకుపోయింది, కొందరిని తుపాకి. మిగిలింది చంద్రమ్మ ఒక్కతే. ఆమె కొడుకులు నలుగురూ దళంలో చేరి అడవి పట్టారు గానీ, ప్రాణాలతో ఉన్నారు.

"తీస్కపో అక్కా. ఒంటి మీద ఒకటి ఉన్నది, సాలు" అని చంద్రమ్మ దూలానికి వేలాడే మూట విప్పి పాత చీరలన్నీ ఇచ్చేసింది.

పెంటమ్మ రెక్కలు ముక్కలు చేసుకుని కుట్టింది. సాయంత్రం ఎర్రయ్య బండి వచ్చి బొంతలను మానుకోటకు తీసుకుపోవాలి. ఆ మధ్యాహ్నమే పశువులు కాసే యాకయ్య రొప్పుతూ వచ్చాడు.

"అవ్వా, వాగు కాడ మిలిటరోళ్ళు కాల్చిన్రు. చంద్రమ్మ చిన్నకొడుకు హన్మంత్. నా కండ్లతోని చూసిన. ఆమెకు నేనెట్ల చెప్పాలె? నువ్వే చెప్పు" అని నిలబడకుండా వెళ్ళిపోయాడు.

పెంటమ్మ పక్కనే బొంతల దొంతర ఉంది. పంపితే మందు వస్తుంది. కానీ కడుపుకోత పడ్డ తల్లి చీర మీద ఏ పసిగుడ్డును పడుకోబెట్టడం? కొనేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. తనకు తెలుసు కదా. పిల్లవాడు పోతే ముందు బొంతల గురించే ఆలోచించినందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా పై బొంత తీసి కుట్లు విప్పసాగింది.

బండెక్కేలోపు బొంతలను ఒకసారి చూసిపోదామని చంద్రమ్మ వచ్చింది. తన చీర కుట్లు విప్పుతున్న చేతులను చూసి గడపలోనే ఆగిపోయింది. ఆ ఊరి ఆడదానికి వేరే ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు.

"ఎవడక్కా?" అంది.

"హన్మంత్."

చంద్రమ్మ గోడకు జారగిలబడింది. తర్వాత పాకుతూ వచ్చి, దొంతరలోంచి ఒక బొంతను ఒళ్ళోకి లాక్కుంది.

"నా కీడు ఇంకొకల్ల పిల్లలకు తగలొద్దు. జల్ది ఇప్పుదాం అక్కా, బండి వస్తది" అంది.

ఇద్దరూ ఏడుస్తూనే విప్పారు. ఎర్రయ్య ఖాళీ బండి తోలుకుపోయాడు. ఆ వానాకాలం దవాఖానకు గోళీలు రాలేదు.