ఎస్తేరు టీచరు సైకిలు

ఇది 2014 నాటి మాట. నెల్లిమర్లలో జూట్ మిల్లుకు వెళ్ళే రోడ్డు మీద నేను షాపు పెట్టి అప్పటికే చాలా ఏళ్ళయింది. బోర్డు మీద సైకిల్ రిపేర్లు అని ఉండేది గానీ నా అసలు పని వేరు. మనిషి కొలతలు తీసుకుని, పైపులు కోసి, ఫ్రేము సొంతంగా కట్టి ఇచ్చేవాణ్ణి. పాల క్యాన్లు మోసేవాళ్ళకు వెనకవైపు పొడుగ్గా ఉండేవి, విశాఖపట్నం నుంచి ముచ్చటపడి వచ్చే కుర్రాళ్ళకు నాజూగ్గా వాలుగా ఉండేవి చేశాను. కంపెనీ సైకిలు అందరికీ కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. ఆ అటూ ఇటూ భరించలేనివాళ్ళు నా దగ్గరికి వచ్చేవారు.

ఆ ఏడాది వానలకు ముందు ఒకావిడ ప్యాసింజరు దిగి, ఎవరినో అడుగుతూ నా షాపు వెతుక్కుంటూ వచ్చింది. పేరు ఎస్తేరు రాణి. ఉండేది కోటబొమ్మాళిలో, పంతులమ్మగా పనిచేసేది అక్కడికి దగ్గరలోని పల్లె బడిలో. వయసు ముప్పై దాటింది. ఎత్తు నాలుగడుగులు ఉండదు. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ పొట్టి, మొండెం మాత్రం అందరిలాంటిదే. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నేత చీర, దానికి సరిగ్గా నప్పిన జాకెట్టు, భుజాన తోలు సంచి. గుమ్మంలో నిలబడి షాపంతా ఒకసారి కలియజూసింది.

"నాకు సైకిలు కావాలి అన్నయ్యా. మీరు మనిషిని బట్టి కడతారని సెప్పారు," అంది.

కొలతలు తీసుకుంటుంటే సంగతి చెప్పింది. బడికి వెళ్ళే దారిలో బస్సు లేదు. రోజూ ఆటోలోనే. ఆటో మెట్టు ఆమెకు ఎత్తు. పట్టుకుని ఎక్కడం అలవాటే. ఆ మధ్య ఒక కొత్త డ్రైవరు, ఆమె సంచి సర్దుకునేలోపే చంకల కింద చేతులేసి ఎత్తి సీట్లో కూర్చోబెట్టాడు.

"సాయం సేద్దామనే ఎత్తినాడు పాపం. బళ్ళో నేను లెక్కలు సెప్పే పిల్లలు ఎదురుగా కూకోనున్నారు," అంది. సంచి భుజం మీదికి ఎగదోసుకుని, "ఆ రోజే అనుకున్నాను, నా దారిన నేను ఎల్లాలని."

అంత చిన్న మనిషికి నేను అప్పటిదాకా సైకిలు కట్టలేదు. అయినా కష్టం అనిపించలేదు. పిల్లల సైకిలు చక్రాలు, పిల్లల క్రాంకులు తీసుకున్నాను. క్రాంకు అంటే పెడలును మధ్య ఇరుసుకు కలిపే చెయ్యి. అది పొట్టిగా ఉంటే పొట్టి కాళ్ళకు తిప్పడం సుళువు. ఆమె ఒంటి పొడవును బట్టి సీటుకీ హ్యాండిలుకీ మధ్య దూరం పెంచి, మామూలు పైపులతోనే గట్టి ఫ్రేము కట్టాను. ఆమెను పిలిపించాను. మిల్లు రోడ్డులో రెండు రౌండ్లు వేసి వచ్చింది. చిన్నప్పుడు నేర్చుకున్నదే కాబట్టి తొక్కడంలో తడబాటు లేదు. దిగి స్టాండు వేసి, దూరంగా వెళ్ళి సైకిలు వైపు చూసింది.

"బాగా నడుస్తన్నాది. కానీ ఇది నాకొద్దన్నయ్యా."

"ఎక్కడైనా పట్టేస్తోందా టీచరుగారూ?"

"ఎక్కడా పట్టట్లేదు. సరిపోయింది. సిన్నపిల్లల బొమ్మల సెప్పులు కూడా నాకు సరిపోతాయి. సరిపోయాయని తొడుక్కుని బడికెళ్తానేటి?"

ఆమె గొంతులో కోపం లేదు. బళ్ళో పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పిందో చూపించినట్టు చెప్పింది. "సూసినోళ్ళు నవ్వకపోతే సాలని కాదు. ఆగి సూడాలి. నన్ను కాదు, సైకిల్ని," అని తిరుగు రైలుకు వెళ్ళిపోయింది.

కోపం వచ్చింది నాకు. కొలతల్లో ఎక్కడా తేడా లేదు, ఇంక అందం నేనెక్కడి నుంచి తేను అనుకున్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడ పైడమ్మతో అదే అన్నాను. ఆమె మిషను కుడుతుంది. మర్నాడు షాపుకొచ్చి ఆ సైకిలు చుట్టూ తిరిగి చూసి, "పైపు లావుగా ఉన్నాది," అంది.

"అన్ని సైకిళ్ళకీ అదే పైపు."

"అదే నేను సెప్తన్నది. పొట్టి మనిషికి పెద్దంచు సీర కడితే అంచే నడిసెళ్తన్నట్టుంటాది, మనిషి అవుపడదు. ఆ టీచరమ్మ టేసనుకి ఎల్తంటే సూసినాను, సీర అంచు వేలెడే ఉంది. ఆవిడకి తెలిసినంత నీకు తెలీదు."

ఆ మాట విన్నాక సైకిల్ని మళ్ళీ చూశాను. పెద్ద సైకిల్ని అన్ని వైపులా నరికి దగ్గరకు నొక్కినట్టుంది. పైపు మందం తగ్గలేదు, పొడవు తగ్గింది. అందుకే బొమ్మలా ఉంది. అప్పటిదాకా నేను అందాన్ని చివర్లో రంగుతో అద్దేదిగా లెక్కేశాను. పైపు కోయకముందే అది మొదలవుతుందని ఆ పూట తెలిసింది. ఆ సైకిల్ని విప్పేసి మళ్ళీ నేల మీద సుద్దముక్కతో గీయడం మొదలుపెట్టాను.

ఈసారి చక్రాలు ఒక సైజు పెంచాను. గతుకుల్లో అవే నయం, చూపుకూ నిండుగా ఉంటాయి. లావు పైపు బదులు వేలంత సన్నటి పైపులు రెండు తీసుకున్నాను. హ్యాండిలు నిలబడే చోట మొదలై, సీటు కడ్డీకి చెరో పక్క నుంచి కిందికి వంగుతూ, వెనక చక్రం ఇరుసు దాకా ఆగకుండా వెళ్ళే జంట గీతలు అవి. చీర కట్టుకున్న మనిషి కాలు ఎత్తకుండా ఎక్కవచ్చు. పైపు వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లోపల సన్నటి ఇసుక దట్టించి వేడి చేయాలి. రెండూ ఒకే ఒంపు రావాలి. కొన్ని పైపులు పాడయ్యాయి.

అతుకుల దగ్గర ఇంకో చిక్కు. మామూలు ఫ్రేముకు లగ్గులుంటాయి, అంటే పైపుల కొసలు దూర్చి అతికే గొట్టాలు. నేను గీసిన ఒంపుకు ఏ లగ్గూ సరిపోదు. అందుకని ఫిల్లెట్ బ్రేజింగ్ చేశాను. గ్యాసు మంటతో ఇత్తడిని కరిగించి మూల నిండా పోసి, తర్వాత ఆకురాయితో నున్నగా అరగదీయడం. ఓపికుంటే అతుకు ఎక్కడుందో కంటికి తెలియదు, ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మ మొలిచినట్టుంటుంది. నా చేతి పనిలో అంత నున్నటి అతుకులు అంతకుముందు లేవు.

సన్న పైపులు కదా, పక్కకు ఊగుతాయేమోనని భయం. నేను చేసిన సైకిళ్ళలో నేను ఎక్కి చూడలేకపోయినవి టీచరుగారివే. ఇసుక బస్తా కట్టి గతుకుల మీద తోశాను. వెనకభాగం కొద్దిగా ఊగింది. రెండు పైపుల మధ్య, సీటు కడ్డీ వెనక ఒక చిన్న అడ్డకమ్మీ వేసి, దాన్ని కూడా ఆ ఒంపులోనే కలిపేశాను. మళ్ళీ తోశాను. నిలబడింది. నెమలి కంఠం నీలం వేసి, పైపుల వెంట సన్నటి కుంచెతో బంగారు గీత లాగాను. ఆ గీత కూడా గడ్డిపరక మందం దాటకుండా పైడమ్మ పక్కనే నిలబడి చూసింది.

ఎస్తేరు టీచరు వచ్చినప్పుడు సైకిలు రోడ్డు వైపుకు నిలబెట్టి ఉంచాను. ఆమె వంగి అతుకుల మీద వేళ్ళు పోనిచ్చింది. తోలు సంచిలోంచి తెల్లటి అల్లిక ఒకటి తీసింది. వెనక చక్రంలో చీర చిక్కుకోకుండా కట్టే వల, తనే కుట్టుకుని తెచ్చుకుంది.

"మొదటిదానికి తెచ్చారా ఇది?" అని అడిగాను.

"తెచ్చాను. దానికి కట్టబుద్ధి కాలేదు," అంది.

వల ఇద్దరం కలిసి కట్టాం. ఆమె ఎక్కి మిల్లు రోడ్డు మీదికి వెళ్ళింది. షిఫ్టు మారే వేళ, గేటు నుంచి జనం వస్తున్నారు. వీపు నిటారుగా పెట్టుకుని, తొందరేం లేనట్టు వాళ్ళ మధ్య నుంచి సాగిపోయింది. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఒకాయన తన సైకిలు దిగి, "ఇదే కంపెనీదండీ?" అని ఆమెనే అడిగాడు. ఆమె వెనక్కి తిరిగి నా షాపు వైపు చెయ్యి చూపించింది. నా వృత్తిలో నన్ను మెచ్చుకున్నవాళ్ళున్నారు. అంత గర్వం మాత్రం ఎప్పుడూ కలగలేదు. పైడమ్మ నా పక్కన నిలబడి, "ఇప్పుడు మనిషి అవుపడతంది," అంది.

ఆ చలికాలంలో కోటబొమ్మాళి నుంచి ఒక నర్సమ్మ వచ్చింది. మామూలు ఎత్తు కన్నా ఒక పిసరు పొడుగే. షాపులో ఏది చూపించినా ఆమెకు నచ్చలేదు.

"మా ఊర్లో టీచరమ్మ తొక్కుతాది సూడండి, అలాటిది నాకూ కావాల," అంది.

ఆ రూపం నేను గీసిందే అయినా ఎస్తేరు టీచరు పట్టుబట్టకపోతే పుట్టేది కాదు. అందుకని ఫోను చేసి, ఇంకొకరికి చేసిపెట్టవచ్చా అని అడిగాను.

"సెయ్యండి అన్నయ్యా, సంతోషం," అంది. తర్వాత నిజంగానే సందేహపడుతూ, "కానీ పొడుగు మనుషులకి ఆ వాటం నప్పుతాదంటారా?" అని అడిగింది.

ఆమె అనుమానం సరైనదే. అవే గీతలను పెంచి చూస్తే నర్సమ్మకు వెలితిగా, సాగదీసినట్టు ఉన్నాయి. ఈసారి కోప్పడలేదు. సుద్దముక్క తీసుకుని, నర్సమ్మను సీటు మీద కూర్చోబెట్టి, ఆమె ఎలా కూర్చుంటుందో, భుజాలు ఎటు వాలుతాయో చూస్తూ నేల మీద మొదటి నుంచీ గీసుకున్నాను. అప్పటి నుంచి ఎవరొచ్చినా టేపు తీసే ముందు ఒక మాట అడుగుతున్నాను, దాని మీద వెళ్తుంటే మీరెలా కనబడాలనుకుంటున్నారు అని. చాలామంది మొహమాటపడతారు, ఎలాగైనా పర్వాలేదంటారు. నేను స్టూలు జరిపి, కూర్చుని, వాళ్ళు చెప్పేదాకా ఆగుతాను.