వేలెడు చేప వయసు

ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అనేవారు. పాలవాడు చెంబు కింద పెట్టకముందే అందులో వేలు ముంచి చూసేదాన్ని. "పెళ్ళిచూపులకొచ్చిన వాణ్ణి కూడా ఇట్లే గిల్లి చూస్తావేమే" అని మా అమ్మ ఎగతాళి చేసేది. నాకు మాత్రం అది లోపంగా తోచలేదు. జంతుశాస్త్రం చదివే పిల్లకి ఆ మాత్రం అనుమానం ఉండాలని లోపల కాస్త గర్వం కూడా ఉండేది.

యాభైల నాటి సంగతి. చింతాద్రిపేట నుంచి కాలేజీకి నడిచి వెళ్ళేదాన్ని. ఆఖరి సంవత్సరం ప్రొఫెసరుగారు నాకొక పని అప్పజెప్పారు. ఎన్నూరు ఉప్పుటేట్లో ఎన్ని రకాల చిన్న చేపలున్నాయో చూడాలి, ఒక్కో రకం ఎంత పొడవు పెరుగుతుందో కొలవాలి. "ఏనుగులాంటి పెద్ద ఒళ్ళున్న జాతులు ఎన్నో లేవు. రకాలన్నీ చిన్నవాటిలోనే. ప్రాణం చిన్న ఒంటితోనే మొదలైంది. కొన్ని వంశాలు పెరిగాయి. పెరిగినవాటిలో కొన్ని తరతరాలుగా మళ్ళీ కుదించుకుపోయాయి" అని ఆయన చెప్పిందంతా నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకున్నాను, అంతే.

చేపలు తెచ్చేది ఎన్నూరు నుంచి ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. చుట్టూ అరవమే అయినా ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాళ్ళు. బురదనీళ్ళలో కూర్చుని, అడుగున చేతులతో తడిమి చేపలు పట్టేది.

"కాలేజీకైతే గుప్పెడు చాలు పాపా. ఈ పని ఉండబట్టే ఒక పూట గట్టున కూసుంటాండా. ఇది పోతే దినమంతా ఆడే నీళ్ళల్లో నానాల. మోకాళ్ళు ఇంక మావల్ల గాదంటాండాయి" అంది మొదటి రోజే.

ఆ మాటతోనే నాకు పురుగు తొలిచింది. పని పోకూడదనుకునే మనిషి లేని రకాలు కల్పించి చూపించదని ఏమిటి నమ్మకం?

ఒక వారం రెండు ఆకు పొట్లాలు తెచ్చింది. ఒకదానిలో ఇసుకదొందులు, అంటే ఏటి అడుగున పాకే జానెడు చేపలు, వాటి పిల్లలు. రెండోదానిలో వేలెడు కూడా లేని చేపలు. చూడబోతే అచ్చం ఆ పిల్లల్లాగే ఉన్నాయి.

"ఇవీ పిల్లలే కదమ్మా?" అన్నాను.

"కాదు పాపా, ఇవి వేరే. ఇంతకంటే పెరగవు. పిల్లలు కాదు, ముసిలోళ్ళు" అని నవ్వింది. "చేతికి తెలస్తాదిలే. పిల్లలు మెత్తంగా జారిపోతాయి. ఇవి గట్టిగా గింజుకుంటాయి."

చేతికి తెలుస్తుందట! నాకు ఒళ్ళు మండింది. ఒక ఇంటి పిల్లల్నే రెండు కాపురాలుగా పంచి చూపిస్తోందనుకున్నాను. రెండు పొట్లాలూ ఒకే సీసాలో వేసి, కుళ్ళకుండా ఫార్మలిన్ పోసేశాను. ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళి, ఆవిడ ఒక రకాన్ని రెండు చేసి మోసం చేస్తోందని చెప్పాను. ఆయన నన్ను నమ్మారు. ఇక రానక్కర్లేదని అటెండరు చేత చెప్పించారు. గేటు దగ్గర ఆవిడ వాదించలేదు. తప్పుంది కాబట్టే నోరు లేవలేదని నేను తీర్మానించుకున్నాను.

రెండు వారాల తర్వాత, అవి ఏం తిని బతుకుతాయో చూద్దామని, సీసాలోంచి అన్నిటికంటే చిన్నదాన్ని తీసి పొట్ట కోశాను. నిండా గుడ్లు. ఆవగింజలో సగం కూడా లేవు, పసుప్పచ్చగా ఉన్నాయి. ఇంకొకటి కోశాను. అందులోనూ గుడ్లే. నేను పిల్లలన్నవి తల్లులు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. లోకాన్నంతా అనుమానించిన దాన్ని, నా కళ్ళను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

ప్రొఫెసరుగారి దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. "వెళ్ళి పిలుచుకురా" అన్నారు. రైలెక్కి ఎన్నూరు వెళ్ళాను. ఆవిడ మెడ దాకా నీళ్ళలో ఉంది. గట్టు మీద నిలబడి, ఆ చిన్నవాటి పొట్టల్లో గుడ్లున్నాయనీ, వాటిని పిల్లలనుకోవడం నా తప్పేననీ, మళ్ళీ రమ్మన్నారనీ కేకేసి చెప్పాను. "సరి, వస్తాలే" అంది. నన్ను ఒక్క తిట్టు తిట్టి ఉంటే నా మనసు కుదుటపడేది. మళ్ళీ అడుగున తడుముకోసాగింది.

మరుసటి వారం వచ్చింది. పొట్లం విప్పి బల్ల మీద పరిచింది. వేలెడు చేపలు, పాతిక దాకా ఉంటాయి. ప్రతిదాని పొట్టా నిలువునా చీల్చి ఉంది. ప్రతిదానిలోనూ గుడ్లు పైకి కనిపిస్తున్నాయి.

"చూసుకో పాపా. మళ్ళా పిల్లలంటావేమోనని ఒక్కోటీ కోసి తెచ్చినా. నిన్న పూటంతా గట్టున ఇదే పని."

కోసిన చేప సీసాలో దాచడానికి పనికిరాదు. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఒక్కొక్కటే తీసి కొలిచి, పొడవు రాసి, పక్కన 'ఎదిగినది' అని రాసుకుంటూ పోయాను. ఆవిడకు చదువు రాదు. అయినా కదలకుండా, నా పెన్ను వంకే చూస్తూ, ఆఖరి చేప దాకా అక్కడే నిలబడింది.