పై సా

ఆపరేషన్ అయిన మూడో నెలలో ఒక పొద్దున హార్మోనియం ముందు కూర్చున్నాను. స రి గ మ ప వరకు గొంతు కుదురుగానే నడిచింది. ద దగ్గర వణికింది. ని దగ్గర గాలే మిగిలింది. ఆ పైన ఉండే సా, అంటే పై స్థాయి షడ్జం, రానే లేదు. ఆరేడుసార్లు ప్రయత్నించి, కోపం పట్టలేక హార్మోనియం మూత ధడాలున వేసి, "పై సా రావడం లేదు! ఒక్క పై సా కూడా రావడం లేదు!" అని గోడకేసి అరిచాను.

ఆ గోడ అవతలి వాటాలో ఒక ముసలావిడ అద్దెకు ఉండేది. అందరూ పెద్దమ్మా అనే పిలిచేవాళ్లం. పావుగంటలో చేటనిండా బియ్యం పట్టుకుని వచ్చి నా గుమ్మంలో నిలబడింది.

"యాల దాసిపెట్టుకుంటావమ్మా? జీతం రాకుంటే నాకు సెప్పకూడదా? ఒక్క పైసా కూడా రాలేదని అరస్తాండావే, నాకు ఇనపడదనుకున్యావా?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. అంతవరకూ ఎవరికీ చెప్పని సంగతి ఆ చేట ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను.

ఎనభైల నడిమి మాట ఇది. మదనపల్లెలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో నేను పాటల టీచర్ని. గొంతు దగ్గర గడ్డ లేచి తీయించుకోవలసి వచ్చింది. గొంతు మారే అవకాశం ఉందని డాక్టరు ముందే చెప్పాడు, ప్రాణం కన్నా పాట ఎక్కువా అని సంతకం పెట్టాను. ఎక్కువేనని తర్వాత తెలిసింది. ఏటా బడి వార్షికోత్సవంలో మొదటి పాట నాది. పాడలేని పాటల టీచరు ఈ బడికెందుకని ఎవరైనా అంటారేమోనన్న భయం నన్ను పగలూ రాత్రీ కొరుక్కుతినేది. అందుకని మోసం నేర్చుకున్నాను. పాట పైకి పోయే చోట హార్మోనియం గట్టిగా వాయించేదాన్ని. లేదంటే ముందు బెంచీలోని తెలివైన పిల్లను లేపి, "ఇక్కడ నువ్వు పాడవే, నేను వింటాను" అని పరీక్ష పెట్టినట్టు నటించేదాన్ని.

నా నోరు మంచిది కాదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. శ్రుతి తప్పిన పిల్లను బెంచీ ఎక్కించడం మొదటినుంచీ నా అలవాటు. నాకు గొంతు పోయాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు.

పెద్దమ్మది పుంగనూరు పక్కన ఒక పల్లె. వాళ్ల నాయన కుప్పం స్టేషన్ దగ్గర కూరగాయలు అమ్మేవాడట. పాండిచ్చేరిలో పుట్టి పరాసుల, అంటే ఫ్రెంచివాళ్ల, పటాలంలో పనిచేసే దూరపు బంధువు ఒకాయన ఆ దారిన పోతూ ఈమెను చూసి, చేసుకుని, ఓడెక్కించుకుని ఫ్రాన్సుకు తీసుకుపోయాడు. పాతికేళ్లు అక్కడే ఉండి, ఆయన పోయాక తిరిగొచ్చింది. చెల్లెలి ఇంట్లో చుట్టంగా ఉండటం కన్నా పక్క ఊళ్లో అద్దెకుండటం మేలని మదనపల్లెలో దిగింది. పాలు పోయించుకుని పాలవాడికి ఫ్రెంచిలో థాంక్స్ అన్నట్టు "మెర్సీ" అని చెప్పేది. వాడు రోజూ, "ఏం మర్సినావు పెద్దమ్మా?" అని అడిగేవాడు.

నా కథంతా విని, ఆమె తన వాటాలోకి వెళ్లి టేప్ రికార్డరు తెచ్చింది. ఆమె వెనకాలే ఫ్రాన్సుకు పోయి అక్కడే ఉండిపోయిన చెల్లెలి కొడుకు పారిస్ నుంచి పంపే క్యాసెట్లు ఆమె దగ్గర అరడజను ఉండేవి.

"ఇది ఇనమ్మా. ఈ మనిసికీ నీ మాదిరే పైసా రాదు. మంచి కాబరే పాట."

నాకు చర్రుమంది. క్యాబరే అంటే మనకు తెలిసిందేమిటి? సినిమాలో విలన్ డెన్, గాజు గ్లాసులు, ఒంటినిండా తళుకులే తప్ప బట్టలు లేని మనిషి. "పెద్దమ్మా, నేను బడిపిల్లలకు చదువు చెప్పేదాన్ని. ఆ రకం పాటలు నా ఇంట్లో పెట్టొద్దు" అన్నాను.

"ఏ రకం?" అంది ఆమె, నాకన్నా గట్టిగా. "నేను ఆడ గిన్నెలు కడిగినాను. నాకు తెలీదా? సిన్న గది ఉంటాది. ఇరవై మంది కూసోనుంటారు. ఒకామె మామూలు నల్లగుడ్డ కట్టుకోనొచ్చి నిలబడి తన కత సెప్తాది. కొంచెం పాడతాది, కొంచెం మాట్లాడతాది. అంతే. బట్టలిప్పేది మీ సినిమావోళ్లు నేర్పించినారు."

సిగ్గేసింది. బటన్ నొక్కమన్నాను.

ముందు ఒక పెట్టె మోగింది. దాన్ని అకార్డియన్ అంటారని తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం మన హార్మోనియాన్నే ఎవరో చంకన వేసుకుని వీధిలో నడుస్తున్నట్టు వినిపించింది. దాని కింద నడుస్తున్న డప్పు గుర్రంకొండలో పీర్ల పండగకు నేను విన్న తాషాలకు దగ్గరగా ఉంది. ఫ్రాన్సులో ఇదేమిటని అడిగాను.

"ఆడ అరబ్బులుండారు, ఆఫ్రికావోళ్లుండారు, మాబోటోళ్లమూ ఉండాం. మా ఈదిలో ఒకే కొళాయి కాడ అందురమూ నీళ్లు పట్టేవాళ్లం. ముందు పాటల్లో ఆ పెట్టె ఒక్కటే ఉండేది. మేం పోయినాక అందరి డప్పులూ దాంట్లోకి వచ్చినాయి."

అప్పుడు ఆ గాయని గొంతెత్తింది. ఎత్తింది అనడం కూడా తప్పే. గరగరలాడే గొంతు. వయసైన మనిషని తెలుస్తూనే ఉంది. మా గురువుగారైతే మొదటి రోజే ఇంటికి పంపేవారు. కానీ పాట మెట్టు మెట్టు ఎక్కి, ఇక పైకి పోక తప్పదని నా చెవి ఎదురుచూస్తున్న చోట, ఆమె పోలేదు. ఆగింది. ఆ మాటను పక్కింటావిడతో చెప్పినట్టు మామూలుగా చెప్పి, మళ్లీ కిందినుంచి పాట అందుకుంది. నా ఒళ్లు జలదరించింది.

"ఆడ ఏమంది?" అని అడిగాను.

"కోటు గుండీ ఊడిపోయిందంట. కుట్టుకునేదానికి కండ్లు ఆనడం లేదంట."

"అంతేనా?"

"అంతే. దానికే అందరూ ఏడస్తారు."

దేవుడి మీదా ప్రియుడి మీదా తప్ప పాట ఉండదనుకునే దాన్ని నేను. గుండీ మీద పాట! ఆ వారమంతా సాయంత్రాలు ఆ క్యాసెట్టే విన్నాను. భాష ఒక్క ముక్క రాదు. ఆమె ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోట ఊపిరి ఎలా తీస్తుందో మాత్రం వింటూ కూర్చునేదాన్ని. ఈమధ్య ఇలా నాలుగు దేశాల బాణీలు కలిపిన పాటలకు ఏదో పెద్ద పేరు పెట్టి రేడియోలో ఉపన్యాసాలు ఇస్తున్నారు. పెద్దమ్మ వింటే, కొళాయి కాడ కలిసిందానికి ఇంత మాటెందుకని నవ్వేది.

ఇంట్లో తలుపేసుకుని నేనూ ప్రయత్నించాను. మా అవ్వ విసుర్రాయి దగ్గర పాడుకునే ఒక పదం తీసుకుని, పైకి పోయే చోట మాటగా చెప్పి చూశాను. బాగానే ఉందనిపించింది. అయినా బడిలో ఆ పని చేసే ధైర్యం లేదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి.

అలా మరో మూడు నెలలు గడిచాయి. వార్షికోత్సవం ఇంకా పది రోజులుంది. తొమ్మిదో తరగతికి పాట నేర్పుతున్నాను. నన్ను ఆదుకునే ఆ ముందు బెంచీ పిల్ల కుప్పంలో మేనమామ పెళ్లికి పోయింది. పాట పైకి పోయే చోటు దగ్గర పడుతోంది. హార్మోనియం గట్టిగా వాయిద్దామని చూస్తే నా చేతులు చెమటకు జారుతున్నాయి. ఆ చోటు వచ్చేసింది. ఏమీ తోచక, ఆ ఫ్రెంచి ఆవిడ చేసినట్టు ఆగి, ఆ మాటను మాటగానే చెప్పాను. చెప్పి, మళ్లీ పాటలోకి దిగలేకపోయాను.

సరిగ్గా అప్పుడే వరండాలో పోతున్న హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలో ఆగింది. "ఏమ్మా, పాట నిలిపేసినావే?"

ఇక దాచే ఓపిక లేదు. "నాకు పై సా రాదు మేడమ్. ఆపరేషన్ అయినప్పటినుంచి రావడం లేదు" అన్నాను, నలభై మంది పిల్లల ముందు.

"అయ్యో, ముందే సెప్పకూడదా? సభలో పిల్లలు పాడతారులే. నువ్వు నేర్పిస్తాండావు గదా, అది సాలదా?" అని, చేతిలో ఫైలు సర్దుకుని వెళ్లిపోయింది. ఆరు నెలలు నన్ను కొరికిన భయం అరనిమిషంలో అయిపోయింది. హాయిగా ఉండాల్సింది పోయి నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే.

అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల మెల్లగా లేచింది.

"నాకూ రాదు టీచర్."

"ఏమిటి?"

"పై సా. నాకూ రాదు. నోరు మాత్రం ఆడిస్తాండాను."

దాని పక్క పిల్ల చెయ్యెత్తింది. దాని ముందు పిల్ల ఎత్తింది. చూస్తుండగానే సగం గదికి పైగా చేతులు లేచాయి. బెంచీ ఎక్కిస్తానేమోనని భయపడుతూనే ఎత్తారు.

"ఎప్పటినుంచి?" అన్నాను.

"ఆరో తరగతి నుంచి టీచర్."

ఆరో తరగతి నుంచీ వాళ్లకు పాట చెబుతున్నది నేనే. నా గొంతు పోయి ఆరు నెలలు. వాళ్ల గొంతులు పోయి నాలుగేళ్లు.