మంచుగడ్డకు దిష్టి

అమ్మకు ఆ కడుపు నిలవాలి. ఇంట్లో అందరి భయమూ అదొక్కటే. నా తర్వాత వచ్చిన కాన్పులేవీ దక్కలేదు. అందుకని ఈసారి అమ్మ నెల తప్పినప్పటి నుంచి మా అవ్వ, అంటే నాయన తల్లి, కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేది. కడుపుతో ఉన్న మనిషి కోరింది తినకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందని మావాళ్ళ నమ్మకం. చీము కారే బిడ్డ బతికి బట్టకడుతుందా అని అవ్వ దిగులు.

అమ్మ పుల్లమామిడి అడిగినా, చింతచిగురు అడిగినా గొడవే లేకపోయేది. ఆమె మంచుగడ్డ అడిగింది.

అందుకు కారణం మా మామ, అమ్మ తమ్ముడు. ఫ్రెంచివాళ్ళ స్టీమరులో వంటవాళ్ళ చేతికింద పనిచేసేవాడు. ఒకసారి ఓడ మా ఊరి ముందు ఆగినప్పుడు మంచుముక్క ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి అక్క నోట్లో పెట్టాడు. ఆమె దాన్ని ఎప్పుడో మరిచిపోయిందనుకున్నాం. కడుపు పండగానే నాలుకకు గుర్తొచ్చింది. కుండపెంకులు కొరుకుతూ, ఇది కాదు, అదే కావాలనేది. ఊళ్ళో దొరల బంగళాలకు మంచు వస్తుందని అందరికీ తెలుసు. మిల్లులో కూలికి పోయే నాయనకు ఆ గుమ్మాల ముందు నిలబడి అడిగే ధైర్యం లేదు.

ఇంతలో మామ ఓడ వచ్చింది. తనకు ఒడ్డుకు దిగే సెలవు లేదనీ, మనవాళ్ళే వస్తే మంచుగది చూపించి అక్కకు గడ్డ ఇచ్చి పంపుతాననీ పడవవాళ్ళతో కబురు చేశాడు. అమ్మ తానూ వస్తానంది. వట్టిమనిషివి కాదు, అలలు దాటతావా అని అవ్వ ఆమెను గడపలోనే ఆపేసి, పక్కింటి అత్తను కాపలా పెట్టింది. నాయన, అవ్వ, నేను బెస్తవాళ్ళ పేట వైతికుప్పం ఒడ్డుకు నడిచాం. కొంగున రాళ్ళుప్పు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ మూటగట్టుకుని మరీ బయల్దేరింది అవ్వ. ఎందుకని అడిగితే నీకెందుకంది.

తాళ్ళతో కుట్టిన పడవ అది. మొదటి అల మమ్మల్ని ఎత్తి కింద పడేసినప్పుడు పొద్దున తాగిన గంజి గొంతులోకి వచ్చింది. అవ్వ నన్ను వాటేసుకుంది. నాకు ధైర్యం చెప్పడానికో, తనకు లేక పట్టుకుందో తెలియదు. అలలు దాటాక పడవ పక్కనే నల్లటి వీపులు లేచాయి. నేను కెవ్వుమన్నాను. పడవవాళ్ళు నవ్వి, ఇవి ఓంగిల్ చేపలు, దొరలు డాల్ఫిన్లనేవి ఇవే, మనిషి జోలికి రావన్నారు. తల్లి పక్కన పిల్ల ఒకటి బుస్సున ఊపిరి వదులుతూ ఈదుతోంది. అవ్వ దండం పెట్టి ఆ పిల్లనే చూస్తూ కూర్చుంది. తల్లితో సమానంగా వస్తోందా, వెనకబడుతోందా అని మాటిమాటికీ నన్ను అడిగింది. అది మునిగి కనబడనప్పుడల్లా ఆమె చేయి నా భుజం మీద బిగిసేది. కాస్త దూరాన తాబేలొకటి తల పైకెత్తి మమ్మల్ని చూసి మునిగిపోయింది. తాబేలు ఎదురైతే పోయిన పని ఆలస్యమవుతుందేమోనని అవ్వకు మళ్ళీ బెంగ.

ఓడ ఎక్కడానికి అవ్వ ఒప్పుకోలేదు, పడవలోనే ఉండిపోయింది. మామ నన్ను చంకనెత్తుకుని నాయనతో సహా మంచుగదికి తీసుకుపోయాడు. తలుపు తీయగానే పొగలాంటిది కాళ్ళ మీదికి పాకింది. లోపల గోడలా పేర్చిన గడ్డలు. వేలు పెట్టి చూశాను, కాలినట్టయింది. నేను నోరు తెరిచి చూస్తుంటే మామ అన్నాడు: "దీనికే ఇట్లయితే ఎట్లా? చలిదేశాల్లో కొండకు కొండే ఇదమ్మా. పగిలి సముద్రంలో పడితే ఉరుము ఉరిమినట్టు ఉంటాది. దాని మీద సీలు అనే నీటికుక్కలు మన బర్రెల మాదిరి పొర్లతా ఉంటాయి." అంత పెద్ద కొండలున్న లోకంలో మాకు కావలసింది పిడికెడే కదా అనిపించి ఏడుపొచ్చింది.

రంపపు పొట్టు పోసిన కొయ్యబొక్కెనలో గడ్డ పెట్టి, గోనెపట్ట కప్పి, మామ నాయన చేతికిచ్చాడు. "ఎండ తగలనీవద్దు బావా. యాడా ఆగొద్దు."

ఒడ్డున దిగేసరికి మిట్టమధ్యాహ్నం. బెస్తవాళ్ళు, వలలు, ఎండుచేపలు, అందరి కళ్ళూ బొక్కెన మీదే. కడుపుతో ఉన్న మనిషి తినేది పట్టుకుని మధ్యాహ్నం వేళ ఊరికే నడవకూడదు, దిష్టి తగులుతుంది, గాలి సోకుతుంది. అవ్వ గోనె తీసి, మిరపకాయ, బొగ్గు గడ్డ పక్కన పెట్టి, పిడికెడు ఉప్పు దాని నెత్తిన పోసింది. నాయన చూస్తూ ఊరుకున్నాడు. ఆయనా నమ్మేవాడే. పైగా ఆ ఒడ్డున చేపను నిలవబెట్టేది ఉప్పే. మంచును మాత్రం నిలవబెట్టదని ఎవరనుకుంటారు?

ఇంటికి పరుగులాంటి నడక. దారిపొడుగునా బొక్కెన సందుల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కారినకొద్దీ అవ్వ ఇంకొంచెం ఉప్పు చల్లింది. గుమ్మంలో గోనె తీసేసరికి బొగ్గు కలిసిన తడిపొట్టు, అందులో చింతగింజంత ముక్క. నాయన బొక్కెన వదిలేసి గోడకు ఆనుకున్నాడు. అమ్మ ఆ ముక్కను నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"తీరిందా?" అంది అవ్వ.

"తీరింది అత్తా."

సాయంత్రం పెరట్లో అమ్మ ఆ గోనెపట్టను ముఖానికి ఆనించుకుని, దాని తడి అంచు నోట్లో పెట్టుకుని పీల్చడం నేను చూశాను. నన్ను చూసి, ఎవరికీ చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. బిడ్డ చెవి కారితే అమ్మ అబద్ధం బయటపడుతుంది. బిడ్డ పోతే ఆ సంగతి తెలిసిన దాన్ని నేనొక్కదాన్నే.

చెల్లి పుట్టింది. గట్టిగానే ఏడ్చింది. రోజూ పొద్దున అవ్వ నూనె పెట్టి నీళ్ళు పోసి, చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేది. ఆమె అటు పోగానే నేనూ చూసేదాన్ని. పాలవాసన, నూనెవాసన, అంతే.

చెల్లి బోర్లపడిన రోజున పాలు పట్టమని బిడ్డను అమ్మ ఒళ్ళో పెడుతూ అవ్వ, ఎవరి ముఖమూ చూడకుండా అంది: "ఆ ఉప్పేసి గడ్డను కరిగించింది నేనే కదమ్మా. తీరిందని నువ్వన్నావు, నమ్మినా. దేవుడు కూడా నమ్మినట్టుండాడు."

అవ్వ వంగి, చెల్లి రెండో చెవి కూడా వాసన చూసింది.