విశ్వకర్మ పూజ నాడు తిరిగిన లేత్

మా ఐటీఐలో లేత్ మిషన్ దగ్గరికి వెళ్లనిచ్చే ముందు నెలల తరబడి ఆకురాయి పట్టించారు. ఇనప ముక్కను బిగించి నాలుగు వైపులా చదునుగా అరగదీయాలి. మట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనబడకూడదు. కనబడిందా, మాస్టారు ఆ ముక్కను తుక్కు డబ్బాలోకి విసిరేసి ఇంకొకటి తీసుకోమనేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఇనుము అరగదీయడానికేనా ఏక్‌బాల్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేది అని లోపల తిట్టుకునేవాణ్ణి. కానీ చెయ్యి కుదిరింది. టర్నర్ ట్రేడ్‌లో లేత్ ఎక్కేసరికి నా పనికి వంక పెట్టేవాడు లేకపోయాడు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఆ తర్వాత నా గురించి చాలామంది చాలా అన్నారు, పని రాదని మాత్రం ఎవరూ అనలేదు.

నాన్న ఓడలు బాగుచేసే షెడ్డులో కలాసీ. శ్రీకాకుళం తీరం నుంచి మీసాలు రాకముందే వచ్చి, కలకత్తా ఖిదిర్‌పూర్ రేవు పక్కనున్న ఆ షెడ్డులో తాళ్లూ గొలుసులూ లాగుతూ నడుం వంచుకున్నాడు. "తాడు లాగే బతుకు నాతోనే ఆగిపోవాల. నువ్వు మిషను మనిసివి అవ్వాలిరా పెద్దోడా," అనేవాడు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. ఫ్యాక్టరీ గేట్లకు ఒక్కొక్కటిగా తాళాలు పడుతున్నాయి. ఐటీఐ పాసై లిలువా నుంచి బడ్జ్ బడ్జ్ దాకా గేటు గేటుకూ తిరిగే కుర్రాళ్లు ప్రతి సందులోనూ ఉన్నారు. అలాంటి రోజుల్లో నాన్న షెడ్డులోనే నాకు అప్రెంటిస్‌గా చోటు దొరికింది. అక్కడి ముసలి టర్నర్ చలికాలం పోయాక రిటైరవుతున్నాడు. అప్పటిదాకా మాట పడకుండా పని చేస్తే ఆయన లేత్ నాది, ఉద్యోగం పర్మనెంటు. మా ఇంట్లో ఆ పర్మనెంటు అన్న మాటను దేవుడి పేరులా పలికేవాళ్లు.

ఆ ముసలి టర్నర్‌ను అందరూ చాచా అనేవాళ్లు. మా పక్క వీధి ముస్లిం పెద్దాయన. నన్ను సొంత మనిషిలా చూశాడు. తిట్టేవాడు కూడా, అయినా ఆయన తిట్లు నాకు చేదనిపించేవి కావు. ఏటా విశ్వకర్మ పూజకు తన లేత్‌కు బంతిపూల దండ తనే కొని తెచ్చి వేసేవాడు. కలకత్తాలో ఆ పూజ సంగతి వేరు. హిందువా ముస్లిమా, బెంగాలీయా బిహారీయా అన్న తేడా ఉండదు. ముందు రోజే మిషన్లన్నీ తుడిచి, పనిముట్లు విగ్రహం ముందు పేర్చి, మెయిన్ స్విచ్ ఆపేస్తారు. మర్నాడు పొద్దున దాకా సుత్తి కూడా ఎవరూ ముట్టరు. ఖిచుడీ తిని, మేడలెక్కి గాలిపటాలు ఎగరేయడమే పని.

మా తెలుగువాళ్లకు అది ఊరి పండగే తప్ప ఇంటి పండగ కాదు. మా ఆయుధపూజ దసరాకి. నాన్న ఆ రోజు తన తాళ్లకీ కొక్కేలకీ పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసేవాడు. ఆ రోజు కత్తిపీట తీయాలన్నా అమ్మ భయపడేది. విశ్వకర్మ పూజ నాడు మాత్రం మా వాడలో కత్తెర నుంచి కొడవలి దాకా అన్నీ మామూలుగానే తిరిగేవి. నా కొంప ముంచింది ఆ అలవాటే.

పూజ రోజు పొద్దున నాన్నా నేనూ గేటు ఎదురు కొట్లో టీ తాగుతున్నాం. ఫోర్మన్ వచ్చి మా పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. బెంగాలీ పెద్దమనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, మాట మెత్తన. రేవులో ఉన్న ఓడ పంపుకి గన్‌మెటల్ బుష్, అంటే ఇరుసుకి తొడిగే కంచు గొట్టం, ఒకటి కావాలని, సాయంత్రం పోటుకి ఆ ఓడ కదలాలని, లేకపోతే షెడ్డుకి మళ్లీ ఆ కంపెనీ పని రాదని బెంగాలీలో చెప్పాడు. మావాళ్లెవరూ ఇవాళ మిషన్ ముట్టరు, మీ మద్రాజీలకి ఈ పట్టింపు లేదు కదా అన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక షెడ్డులో ఎవరూ ఉండరు, గంటల్లో పని అయిపోతుంది అన్నాడు.

నేను తటపటాయించాను. మాకు పట్టింపు లేకపోయినా అది చాచా లేత్ అని గుర్తుంది. నాన్న వైపు చూశాను.

"ఏటాలోసిస్తావు? మనకి దసరాకి కదా పూజ," అన్నాడు నాన్న. "బాబు నోరు తెరిసి అడిగినారు. రేపు నీ పర్మనెంటు రాయాల్సింది ఈయనే. సేసీరా."

"చాచాకి ఓ మాట చెప్పి చేస్తాను," అన్నాను.

"సెప్తే ఒప్పుకుంటాడేటి? ఊరుకో. అయిపోయినాక ఎవలికి తెలుస్తాది."

ఫోర్మన్ నా భుజం తట్టి, మా ఇద్దరి టీకి తనే డబ్బులిచ్చి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం షెడ్డు ఖాళీ అయింది. దర్వాన్ గేటు దగ్గర కునికిపాట్లు పడుతున్నాడు. నేను దండ జాగ్రత్తగా తీసి మేకుకి తగిలించి, స్విచ్ వేశాను. నిజం చెప్పొద్దూ, ఆ పూట నాకు మహా ఆనందంగా ఉంది. పక్కన నిలబడి చూసేవాడు లేడు, తిట్టేవాడు లేడు. పెద్ద పని ఒంటరిగా నా చేతికి మొదటిసారి ఇచ్చారు. బుష్ బయట సైజు, లోపలి సైజు రెండూ ఒక్క ఊపున కుదిరాయి. ఫోర్మన్ స్వయంగా వచ్చి దాన్ని పాత గుడ్డలో చుట్టుకుని సైకిల్ మీద రేవుకి పట్టుకుపోయాడు. శభాష్ అన్నాడు. నేను నేల ఊడ్చి, దండ మళ్లీ వేసి ఇంటికొచ్చాను. నాన్న ఆ సాయంత్రం మేడ మీద నాతో కూర్చుని చాలాసేపు నవ్వుతూ మాట్లాడాడు. ఆయన అంత నవ్వడం అరుదు.

మర్నాడు పొద్దున చాచా లేత్ దగ్గరికి వెళ్లి దండ తీయబోయి ఆగిపోయాడు. నేల ఊడ్చాను గానీ, మిషన్ కింద ట్రే తుడవడం మర్చిపోయాను. అందులో పచ్చటి గన్‌మెటల్ పొట్టు. ఆయన పిడికెడు తీసి చూసి నన్ను పిలిచాడు. హిందీలో ఒకే మాట అడిగాడు, "నువ్వేనా?" నేను తల ఊపాను. "ఇన్నేళ్లలో నా మిషన్ ఆ రోజు తిరగలేదు. నాకు జ్వరమొచ్చినా వచ్చి దండ వేసి వెళ్లాను," అన్నాడు. ఫోర్మన్ బాబు చెయ్యమన్నాడు చాచా అన్నాను. ఆయన పొట్టు తీసుకెళ్లి యూనియన్ సెక్రటరీ బల్ల మీద పోశాడు.

మా షెడ్డులో ఏ తగువైనా మేనేజర్ గదిలో తేలదు, గేటు లోపల జెండా కర్ర కిందే తేలాలి. భోజనం గంటకి అందరూ గుండ్రంగా నిలబడ్డారు. నాకు భయం వేయలేదు. నాకేం భయం? చెయ్యమన్నవాడు ఎదురుగా ఉన్నాడు, విన్నవాడు నా కన్నతండ్రి. సెక్రటరీ అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఫోర్మన్ మెత్తగా నవ్వాడు. తను పూజ రోజు పని చెప్పడమేమిటన్నాడు. ఓడ బుష్ హౌరాలో చేయించానన్నాడు. ఈ కుర్రాడు షెడ్డు గన్‌మెటల్‌తో ఎవరికో బయటి పని చేసుకున్నట్టున్నాడు, చిన్నవాడు, పోనివ్వండి అని నా మీద దయ కూడా చూపించాడు. పూజ చెడగొట్టినవాణ్ణి కాస్తా దొంగను కూడా అయ్యాను. గుంపులో గొణుగుడు మొదలైంది.

"నాన్న ఉన్నాడు, అడగండి," అన్నాను. "టీ కొట్లో మా పక్కనే కూర్చుని అడిగాడు. నాన్న విన్నాడు."

సెక్రటరీ నాన్నను ముందుకు పిలిచాడు. నాన్న ఆ యూనియన్‌లో పాత మనిషి. బ్రిగేడ్ మైదానంలో సభ అంటే ఎండనకా వాననకా జెండా మోసేవాడు. ఆయన మాట తీసేసేవాళ్లు అక్కడ లేరు. తువ్వాలు చేతుల్లో నలుపుతూ వచ్చాడు. నా వైపు చూడలేదు.

"ఆమి కిచ్చు జాని నా, దాదా," అన్నాడు. నాకేమీ తెలియదని.

నేను సరిగా వినలేదనుకున్నాను. "నాన్నా, నువ్వే కదా సెయ్యమన్నావు," అని తెలుగులో అరిచాను. ఆయన అదే మాట మళ్లీ అన్నాడు, ఈసారి ఇంకాస్త గట్టిగా, వెనక వరసకు కూడా వినబడేలా. కంచే చేను మేస్తే కాసేదెవరు? వీడి పక్కన మేం పని చెయ్యం అన్నారు అందరూ. యూనియన్ కాదన్నాక మేనేజర్ ఔననడు. ఆ సాయంత్రానికల్లా నా అప్రెంటిస్ పని ముగిసింది. ఆ రోజు పొద్దున, అందరూ జెండా కింద చేరకముందే, నాన్నా ఫోర్మనూ తాళ్ల గది పక్కన చాలాసేపు మాట్లాడుకోవడం చూశాను. నా తరఫున మాట్లాడుతున్నాడనుకున్నాను. ఎంత వెర్రిబాగులవాణ్ణో చూడండి.

ఇంట్లో అమ్మ ఏడ్చింది. "ఎందుకు ముట్టుకున్నావురా, ఊరందరూ మానీసిన రోజున నీకేటి తొందర?" అంది. నాన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆయన చెప్తాడని చూశాను. ఇవాళ కాకపోతే రేపు చెప్తాడనుకున్నాను. చెప్పలేదు. దొంగ అన్న పేరు రేవు చుట్టుపక్కల ప్రతి గేటుకీ నాకంటే ముందే చేరింది. చివరికి మా సందు చివర రేకుల కొట్లో పాత లేత్ మీద రిక్షా ఇరుసులు తిప్పే పనిలో కుదిరాను.

చలికాలం పోయాక చాచా రిటైరయ్యాడు. ఆ వారంలోనే నాన్న కొట్టు దగ్గరికి వచ్చి, నేను మిషన్ ఆపేదాకా నిలబడ్డాడు.

"సిన్నోడికి పని అయింది," అన్నాడు. "చాచా లేత్ మీద. ముందు హెల్పరు, తర్వాత పర్మనెంటు."

తమ్ముడు స్కూలు మధ్యలో మానేసినవాడు. ఐటీఐ గేటు కూడా చూడలేదు. తాళ్ల గది పక్కన కుదిరిన బేరం ఏమిటో అప్పుడు అర్థమైంది. నా చేతిలో ఉన్న స్పానర్ గోడకేసి కొట్టాను.

"ఫోర్మన్ మీద సెప్తే ఆడి పనీ పోయీది, నా పనీ పోయీది. ఇంట్లో ఎవలికీ కూడుండదు," అన్నాడు నాన్న. "నీ సేతిలో ఇద్దె ఉంది. నువ్వెక్కడైనా బతికీగలవు. ఆడికేటుందిరా?" తర్వాత అసలు వచ్చిన పని చెప్పాడు. "ఆడికి మిషను తెలీదు. ఓపాలి సెయ్యట్టుకుని నేర్పు. నీకంటే బాగా ఎవలు నేర్పుతారు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు. నాకు పుచ్చినవి గింజలు కాదు, నా తండ్రి. అయినా ఆ క్షణంలో నేను అడిగింది చిన్నదే. "నేర్పుతాను. ఉద్యోగం వాడే ఉంచుకోనీ. అమ్మ ముందు, తమ్ముడి ముందు ఒక్క మాట చెప్పు. ఫోర్మన్ అడిగాడని, నువ్వు చెయ్యమన్నావని. బయట ఎవరికీ చెప్పక్కర్లేదు, మన నలుగురి మధ్యే." నాన్న సరేనన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా.

ఆదివారం మధ్యాహ్నం నలుగురం అన్నానికి కూర్చున్నాం. తమ్ముడు కొత్త ఖాకీ ప్యాంటు వేసుకుని, దాన్ని పదేపదే సర్దుకుంటూ నవ్వుతున్నాడు. అమ్మ వాడి కంచంలో చేప తల వేసింది. నేను నాన్న వైపు చూసి, "చెప్పు," అన్నాను.

నాన్న తమ్ముడి మొహం చూశాడు. వాడి ప్యాంటు చూశాడు. అన్నం కలుపుతూ, "నాకేటీ తెల్దురా," అన్నాడు.

అక్కడ ఫోర్మన్ లేడు, సెక్రటరీ లేడు, జెండా లేదు. నేనొక్కణ్ణే అడిగాను, నాకొక్కడికే చెప్పాడు. గేటు దగ్గరి మాటను భయం అనుకుని ఎప్పటికైనా క్షమించేవాణ్ణేమో. ఈ మాటను ఇప్పటికీ క్షమించలేదు.

తమ్ముడికి నేను నేర్పలేదు. వాడు వాళ్లనీ వీళ్లనీ బతిమాలి నేర్చుకుని, ఆ లేత్ మీదే పర్మనెంటయ్యాడు. నాన్న పోయి చాలా ఏళ్లయింది, ఆయన మీద కోపం మాత్రం ఆయనతో పోలేదు. తమ్ముడు మంచివాడు, వాడికి ఏమీ తెలియదు. ఇంటికి చుట్టాలొస్తే అన్నాల దగ్గర నన్ను చూపించి జాలిగా చెప్తుంటాడు, "మా అన్నయ్య సెయ్యి బంగారం. ఆ ఒక్క పూట బుద్ధి గడ్డితింది గాని, లేపోతే ఈ ఉద్యోగం అన్నయ్యదే." వాళ్లు నా వైపు చూసి తలలూపుతారు. నేను లేచి చెయ్యి కడుక్కుంటాను.