బండి తిండి మీద పడ్డ నింద

మా తమ్ముడి అత్తగారు పోయారన్న కబురు తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడు. "అక్కా, అత్తయ్యగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. పొద్దున్నే టీ పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, అలాగే..." అన్నాడు. స్టవ్ ఆపే ఉందట. కెనడాలోనే నేనుండే మిల్టన్ నుంచి బయల్దేరి, తమ్ముడి ఊరు విన్నిపెగ్‌కి విమానం ఎక్కాను. దారి పొడుగునా ఒక్క కీర్తన కూడా నోటికి రాలేదు.

స్మారక కూడికలో తమ్ముడు మైకు తీసుకున్నాడు. "మా అత్తయ్యగారికి అన్నిటికీ భయమే. మెక్సికోలో మమ్మల్ని గ్లాసు నీళ్లు తాగనివ్వలేదు. తీరా ఆవిడే రోడ్డు పక్క బండి తిండి పెట్టి మా బేస్‌మెంట్ అమ్మాయిని హాస్పిటల్ పాలు చేశారు. ఏదైనా, మనసు మాత్రం బంగారం" అన్నాడు. అందరూ నవ్వారు. శవపేటిక పక్కన నవ్వడానికి మన సంఘంలో ఇంతమంది సిద్ధంగా ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది. నేను నవ్వలేదు. అలాగని నోరు విప్పనూ లేదు. అందుకే మన సంఘ పత్రికకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ రోజు నవ్వినవారు ముఖ్యంగా చదవాలి.

నేనూ ఆమెను అత్తయ్యగారనే పిలిచేదాన్ని. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రి ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. మల మూత్రాల పరీక్ష ఆమె పని. ఆ మాట భోజనాల బల్ల దగ్గర కూడా దాచేవారు కాదు. మా మరదలు, అంటే ఆమె కూతురు, "మమ్మీ, ప్లీజ్, తింటున్నాం" అనేది. "తింటున్నావు కాబట్టే చెబుతున్నానే" అనేవారు ఈవిడ. "ముప్పై ఏళ్లు మనుషుల లోపల ఏముందో చూశాను. పైన కొట్టుకున్న సెంటు నాకు ఆనదు."

భయం అన్నాడు తమ్ముడు. భయపడే మనిషి అంత ఇష్టంగా తింటుందా? నేను విన్నిపెగ్ వెళ్లినప్పుడల్లా చూసేదాన్ని, సంఘం భోజనాల్లో ఆమె ముందుగా బిర్యానీ ట్రేకి వేళ్ల వెనకవైపు ఆనించి చూసేవారు. వేడిగా ఉంటే రెండుసార్లు వడ్డించుకునేవారు. గోరువెచ్చగా ఉంటే దాటి వెళ్లిపోయేవారు. అలా దాటి వెళ్లినందుకు కొందరు ఆమెతో నెలల తరబడి మాట్లాడలేదు. ఆరాధన మొదలైనప్పుడు బల్ల మీద పెట్టిన కోడిమాంసం ఆరాధన అయ్యాక కూడా అలాగే ఉంటుందని నమ్మేవారు వాళ్లు. అంత విశ్వాసం మిగతా విషయాల్లో వాళ్లలో నేను చూడలేదు.

అవి మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న రోజులు. చదువు పేరుతో వచ్చి, కాఫీ కౌంటర్ల దగ్గర నిలబడి, బేస్‌మెంట్లలో నిద్రపోయేవారు. తమ్ముడి ఇంటి కింద గుంటూరు వైపు అమ్మాయి ఒకతె ఉండేది. ఇరవై రెండేళ్లు ఉంటాయి. తమ్ముడు ఆ అమ్మాయికిచ్చినవి ఒక తాళంచెవి, గోడకు అంటించిన రూల్సు కాగితం. అత్తయ్యగారు మాత్రం మెట్లు దిగి వేడి చారు ఇచ్చి వచ్చేవారు. ఆ పిల్ల ఆమెను అమ్మమ్మగారూ అనేది.

డిసెంబరులో కుటుంబమంతా మెక్సికో వెళ్దామన్నారు. నన్నూ రమ్మన్నారు. "ఆ పిల్లా వస్తుంది. నా గదిలో ఉంటుంది" అన్నారు అత్తయ్యగారు. "వచ్చినప్పటి నుంచి దానికి మంచూ మీ రూల్సూ తప్ప ఏం చూపించారు?" ఊళ్లో అమ్మానాన్నలకు తెలిస్తే వద్దంటారని, ఆ అమ్మాయి వాళ్లకు చెప్పకుండానే బయల్దేరింది. ఈ సంగతి అత్తయ్యగారికీ నాకూ మాత్రమే తెలుసు.

ప్రయాణానికి ముందు ఆమె మందుల షాపులో ఉప్పు-పంచదార పొడి ప్యాకెట్లు కొంటుంటే తమ్ముడు నవ్వాడు.

"అత్తయ్యా, మనవి ఇండియా కడుపులు. మిర్చిబండి దగ్గర పెరిగినవాళ్లం. మనకేం కాదు."

"ఆ కడుపు నువ్వు ఎయిర్‌పోర్టులోనే వదిలేసి వచ్చావు నాయనా. పదిహేనేళ్ల నుంచి ఈ ఊరి నీళ్లు తాగుతున్నావు. ఇప్పుడు నీది కెనడా కడుపే. పాస్‌పోర్టు కంటే ముందే మారిపోయింది."

అక్కడ దిగాక ఆ ఇండియా కడుపు హోటల్ గేటు దాటలేదు. బయట బండ్లు చూడగానే మొహం అదోలా పెట్టాడు. "డర్టీ. లోపల ఫైవ్ స్టార్ బఫే పెట్టుకుని ఇదెందుకు?" అన్నాడు. బఫేలో పొద్దుటి నుంచి కోసి ఉంచిన పుచ్చకాయ ముక్కలు, తెల్లటి సాసులో నానుతున్న సలాడ్, ఐసు కరిగి నీళ్లలో తేలుతున్న రొయ్యలు. పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి నిలబడితే చాలు, మావాడికి అన్నీ శుభ్రంగానే కనిపిస్తాయి. గ్లాసు నిండా ఐసు వేయించుకున్నాడు.

"ఐసూ నీళ్లే కదయ్యా" అన్నారు అత్తయ్యగారు.

"గడ్డకట్టాక క్రిములు ఎక్కడుంటాయి అత్తయ్యా?"

"గడ్డకడితే చస్తారా? మరి విన్నిపెగ్‌లో మనమంతా ఎలా బతికున్నాం?"

రెండో రోజు తమ్ముడు భోజనం మధ్యలో మూడుసార్లు లేచి వెళ్లాడు. ఎండ పడలేదన్నాడు. ఎండ అలా కూడా పనిచేస్తుందని నాకు తెలియదు.

అత్తయ్యగారు నన్నూ ఆ అమ్మాయినీ తీసుకుని, హోటల్ పనివాళ్లు ఎక్కే వ్యానులో ఊళ్లోకి వెళ్లారు. నాలుగు బండ్లు దాటారు. ఐదో దాని ముందు నిలబడ్డారు. పది నిమిషాలు కదల్లేదు. "మొహం చూడకు, చేతులు చూడు" అన్నారు ఆ అమ్మాయితో. "పిండి నొక్కేది తల్లి. డబ్బులు తీసుకునేది కూతురు. తల్లి చెయ్యి నోటుకు తగల్లేదు. చూశావా? పెనం మీది నుంచి తీసింది తీసినట్టే అమ్ముడవుతోంది. చుట్టుపక్కలవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వచ్చారు. ఇక్కడ తిందాం." కాలుతున్న మొక్కజొన్న రొట్టెలో మాంసం పెట్టి ఇచ్చింది ఆ తల్లి. పచ్చి కొత్తిమీర వద్దని అత్తయ్యగారు సైగ చేశారు. గిన్నెలో మూత లేకుండా ఉన్న పచ్చడి జోలికి పోలేదు. నిమ్మకాయ తనే పిండుకున్నారు. నాలుగు తిన్నారు. ఆ పిల్ల ఐదు తింది. కెనడా వచ్చాక అది అంత తినడం నేను అప్పుడే చూశాను. దాహానికి మూత కొత్తగా తీసిన సీసా నీళ్లే తాగనిచ్చారు.

ఇక్కడి వరకు తమ్ముడికి తెలుసు. ఇక మీదిది మొన్నమొన్నటి దాకా తెలియదు.

మన ఇళ్లలో ఖాళీ సీసాను ఎవరం ఖాళీగా ఉండనివ్వం. నింపి ఫ్రిజ్‌లో వరసగా పెట్టాల్సిందే. మిల్టన్‌లో ముప్పై ఏళ్లుగా కుళాయి నీళ్లతో నేను చేస్తున్న పని అదే. అత్తయ్యగారూ ఆ పిల్లా నేనూ కలిసి ఉన్న ఆ హోటల్ గదిలోనూ బల్ల మీద రెండు ఖాళీ సీసాలు కనిపించాయి. బాత్రూము కుళాయి కింద పెట్టి నింపాను. మూతలు బిగించి చిన్న ఫ్రిజ్‌లో పెట్టాను. కుళాయి నీళ్లు తాగవద్దని అద్దం పక్కన బొమ్మతో సహా కాగితం అంటించి ఉంది. కళ్లు చదివాయి. చేతులు చదవలేదు. ఎండలో తిరిగి వచ్చిన ఆ పిల్ల చల్లగా ఉన్నాయని రెండు సీసాలూ దాదాపు తాగేసింది.

నాలుగో రోజు దానికి మొదలైంది. పెద్దవాళ్ల ముందు సిగ్గుపడి, చప్పుడు వినపడకుండా కుళాయి తిప్పి ఉంచి, ఒక పూటంతా దాచింది. మధ్యాహ్నం బాత్రూము గుమ్మంలో పడిపోయింది. పెదవులు ఎండిపోయాయి. కళ్లు లోపలికి పోయాయి. అత్తయ్యగారు ముంజేతి మీద చర్మం పట్టి వదిలారు. అది మడత పడి అలాగే ఉంది. "పొద్దుటి నుంచి ఒంటికి వెళ్లావా తల్లీ?" అంటే లేదంది.

నేను మంచం పక్కన మోకరించాను. అత్తయ్యగారు అప్పుడే సీలు తీసిన సీసాలో పొడి కలిపి నా చేతికిచ్చారు. "నిమిషానికొక చెంచా. ప్రార్థన ఆపకమ్మా. చెంచా కూడా ఆపకు."

చెంచాతో వేసినదీ కడుపులో నిలవలేదు. గంట చూసి, "హాస్పిటల్‌కి పదండి" అన్నారు.

తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "హాస్పిటలా? స్టూడెంట్ వీసా మీద ఉన్న అమ్మాయి. రేపు ఏదైనా ఇష్యూ అయితే మనకి చుట్టుకుంటుంది. వాళ్ల పేరెంట్స్‌కి ఎవరు సమాధానం చెబుతారు? సాయంత్రం దాకా చూద్దాం."

"సాయంత్రానికి ఈ పిల్ల ఉండాలి కదయ్యా, చూడ్డానికి" అన్నారు ఆవిడ. ఆ పిల్ల రెక్క కింద భుజం వేసి లేపారు. రెండో వైపు నేను పట్టుకున్నాను. తమ్ముడు లిఫ్టు బటన్ నొక్కాడు. ఆ రోజు అతను చేసిన సాయం అది.

సెలైన్ ఎక్కుతుంటే డాక్టరు ఏం తిన్నారని అడిగాడు. "స్ట్రీట్ ఫుడ్" అన్నాడు తమ్ముడు వెంటనే. తర్వాత వరండాలో గొంతు పెంచాడు. "చెబితే విన్నారా? ఆ మురికి బండి దగ్గర తినిపించారు! పరాయి పిల్ల ప్రాణం మీదికి తెచ్చారు!" మా మరదలు తల వంచుకుంది. అత్తయ్యగారు నా వైపు చూశారు.

బట్టలు తేవడానికి ఇద్దరం గదికి వెళ్లినప్పుడు ఆమె ఫ్రిజ్ తీసి, అడుగున నీళ్లు మిగిలిన సీసా ఎత్తి చూపించారు.

"అమ్మా, ఇది నువ్వు నింపావా?"

"అవునండీ."

ఆ నీళ్లు సింకులో పోసేశారు. "సరే. ఆ పిల్ల లేచి కూర్చునేదాకా ఈ మాట ఎత్తకు. మీ తమ్ముడి నోరు నాకు అలవాటే. తర్వాత నువ్వే చెబుదువు గాని."

"తర్వాత" అన్నారు ఆమె. ఆ పిల్ల రెండో రోజుకే లేచి కూర్చుంది. విన్నిపెగ్ చేరాం. ఆ తర్వాత ప్రతి పండుగకూ, ప్రతి భోజనాల బల్ల దగ్గరా తమ్ముడు ఆ బండి కథ చెప్పాడు. ప్రతిసారీ అత్తయ్యగారు నా కంచం వైపు చూసి, మళ్లీ తన కంచం వైపు చూసుకునేవారు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. నేను పెద్దక్కను. ఈ ఇంట్లో నా మాటకు విలువ ఉంది. ఆ విలువ కాపాడుకోవడానికి ఒక ముసలావిడ పేరు ఖర్చు పెట్టాను. రోజూ ఉదయం మోకాళ్ల మీద గంటసేపు ఉంటాను. ఆ గంటలో లోకంలో ఉన్నవాళ్లందరి గురించీ దేవుడికి చెప్పాను, ఈ రెండు సీసాల గురించి తప్ప. తమ్ముడిని చులకన చేస్తూ ఇంత రాశాను కదా, అప్పుడు అతనికి నిజం తెలియదు. తెలిసీ ఊరుకున్నదాన్ని నేను. నవ్వినవారికంటే నేనేం మెరుగు?

ఆ అమ్మాయి ఇప్పుడు కాల్గరీలో ఉద్యోగం చేస్తోంది. కూడిక అయిన మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. "అమ్మమ్మగారు ఉండగా చెప్పాల్సింది ఆంటీ" అంది. అంతే. తమ్ముడికి ఫోన్‌లో ఈ కాగితాలు మొత్తం చదివి వినిపించాను. "ఇప్పుడు ఇదంతా అవసరమా అక్కా? జనం ఏమనుకుంటారు?" అన్నాడు. ఏమనుకుంటారో వాళ్లనే అనుకోనివ్వు అన్నాను. ఫోన్ పెట్టేశాడు. అతన్ని క్షమించమని నేనింకా దేవుణ్ని అడగలేదు. ముందు నా సంగతి తేలనివ్వండి.

మెక్సికోలో చివరి రోజు సాయంత్రం నాకు తరచూ గుర్తొస్తుంది. ఆ పిల్లను నడిపించాలని అత్తయ్యగారు మమ్మల్ని సముద్రం పక్క రోడ్డు మీదికి తీసుకెళ్లారు. దానికి ఇంకా కాళ్లలో బలం లేదు. గోడ మీద కూర్చోబెట్టి అరటిపండు చేతికిచ్చారు. తొక్క తనచేతే తీయించారు. తను మాత్రం నిప్పుల మీద కాలుతున్న మొక్కజొన్న కండె కొనుక్కుని, ఊదుకుంటూ కొరకడం మొదలుపెట్టారు. చీర కుచ్చిళ్లు గాలికి ఎగురుతున్నాయి. గడ్డానికి మసి అంటింది. అప్పుడే మా హోటల్ ఏసీ బస్సు అటు వచ్చింది. కిటికీ అద్దం వెనక తమ్ముడు చేతులకు శానిటైజర్ రాసుకుంటూ మమ్మల్ని చూశాడు. చూసి మొహం తిప్పుకున్నాడు. అత్తయ్యగారు నమలడం ఆపలేదు. సగం కొరికిన కండెను తల మీదికి ఎత్తి, బస్సు మలుపు తిరిగేదాకా ఊపుతూనే ఉన్నారు.